లాభం, రెండు, మూడు

విజయనగరంలో ఒక సైకిలు షాపు మేడ మీద సన్యాసిరావు మాస్టారు కంప్యూటరు పాఠాలు చెప్పేవారు. ఆయన దగ్గరికి ఎవరొచ్చినా, ఎంత చదువుకుని వచ్చినా, మొదటి నెల ఒకటే పాఠం. ఏ పనీ చెయ్యని ప్రోగ్రాం ఒకటి రాయమనేవారు. అది మొదలవుతుంది, ముగుస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు. మనం రాసే భాష యంత్రానికి తెలియదు గనక, దాన్ని యంత్రం మాటల్లోకి మార్చిపెట్టడానికి కంపైలరు అని ఒకటి ఉంటుంది. అది మార్చి ఇచ్చిన పంక్తుల్ని అసెంబ్లీ అంటారు. మాస్టారు ఆ పంక్తుల్ని కాగితం మీద అచ్చు వేయించి, పలక మీద అక్షరాలు దిద్దే పిల్లల్లాగా ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చదవమనేవారు. బోడి ప్రోగ్రాం, అందులో లేని పని, దాని మీద నెల్లాళ్ల చదువు! చాలామంది రెండో వారానికే విసుగెత్తి వేరే చోటికి వెళ్లిపోయేవారు. మాస్టారు ఎవరినీ ఆపేవారు కాదు. ఎందుకు చదవాలో ఎవరికీ చెప్పేవారూ కాదు.

కుసుమ ఉండిపోయింది. పాలిటెక్నిక్ పూర్తి చేసి వచ్చిన పిల్ల, ఇరవై రెండేళ్లు, కోపం ముక్కు మీదే ఉంటుంది. మొదటి రోజు కాగితం చేతికి రాగానే, "నేనేమీ రాయలేదు కదా మాస్టారూ, ఇదేంటి ఇంత రాసింది?" అని అడిగింది. "చదువు," అన్నారాయన. వేలు పెట్టి చదివింది. మొదటి పంక్తి, నీకు ముందున్నవాడి చోటు ఎక్కడో గుర్తు పెట్టుకోమంటోంది. రెండోది, ఇక్కడ నీ చోటు వేసుకోమంటోంది. మూడోది, చేతిలో సున్నా పట్టుకోమంటోంది. నాలుగోది, ముందున్నవాడి చోటు వాడికి ఇచ్చెయ్యమంటోంది. అయిదోది, వచ్చిన దారినే వెళ్లిపొమ్మంటోంది. చదువుతూ చదువుతూ కుసుమకు నవ్వొచ్చింది. "పనేమీ లేకపోయినా ఎంత మర్యాద మాస్టారూ! చుట్టపు చూపుగా వచ్చినావిడ చెప్పులు విప్పి, కూర్చుని, విశేషాలేం లేవమ్మా అని చెప్పి, మళ్లీ చెప్పులు తొడుక్కుని వెళ్లినట్టుంది." మాస్టారు కూడా కొంచెం నవ్వారు. ఆయన నవ్వడం ఆ మేడ మీద చూసినవాళ్లు తక్కువ.

నెల తిరిగాక, ఒక శనివారం పూట, రెండో పాఠం ఇచ్చారు. ఇది ఊరికే లెక్కపెట్టే ప్రోగ్రాం. ఒకటి నుంచి మూడు లక్షల దాకా లెక్కపెట్టాలి. ఆ లెక్క ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా దాచుకోకూడదు. లెక్క అయ్యాక ముగించెయ్యాలి. కుసుమ మూడు పంక్తుల్లో రాసేసింది. కంపైలరుకు ఇచ్చి, అది మార్చి ఇచ్చినదాన్ని వేలు పెట్టి చదివితే లెక్క కనబడింది. ఒకటి కలుపు, మూడు లక్షలైందా చూడు, కాకపోతే వెనక్కి వెళ్లు. అన్నీ ఉన్నాయి. "ఇప్పుడు దాన్నే చురుగ్గా మార్చమని చెప్పు," అన్నారు మాస్టారు. కంపైలరుకు అలా చెప్పే వీలుంది. తక్కువ చోటులో ఇమిడేట్టు, తొందరగా నడిచేట్టు మార్చిపెట్టమంటే, అది తన తెలివి వాడి కుదించి పెడుతుంది. కుసుమ అలాగే చెప్పింది. కాగితం తీసి చూసింది. తిప్పి చూసింది. దాని మీద రెండే పంక్తులున్నాయి. చేతిలో సున్నా పట్టుకో, వెళ్లిపో.

"మాస్టారూ, నా లెక్క లేదు."

"లేదు."

"ఏమైపోయింది?"

"దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగడం లేదని తీసేసింది."

"నాకు చెప్పకుండానా?"

"నువ్వు చురుగ్గా కావాలన్నావు. అది చేసిపెట్టింది."

కుసుమకు ఒళ్లు మండింది. మనిషి రాసుకున్న మాటను, మనిషికి మాటమాత్రం చెప్పకుండా, పనికిరాదని తనంతట తనే తీసి అవతల పారేసే వస్తువు ఒకటి ఈ లోకంలో ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. "పనికిరాదని దానికెలా తెలుసండీ? నాకు ఆ లెక్కతోనే పనుందేమో! అది లెక్కపెట్టేంతసేపు ఆగడం కోసమే రాసుకున్నానేమో! అలా ఒకడు రాసుకున్నాడనుకోండి. ఇది తీసేసిందనుకోండి. అక్కడేదో చెడు జరిగిందనుకోండి. అప్పుడు తప్పెవరిది మాస్టారూ? రాసినవాడిదా, తీసేసినదానిదా?"

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచారు. "రేపు ఆదివారం," అన్నారు చివరికి. "పొద్దున్న తొమ్మిదికి బస్టాండుకి రా. ఒక చోటికి వెళ్దాం."

మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు. మాస్టారి చేతిలో అరటిపళ్ల సంచి ఉంది. ఊరి చివర దిగి, రెండు సందులు దాటి, ఒక రేకుల ఇంటి ముందు ఆగారు. గుమ్మం పక్క అరుగు మీద అరవై ఏళ్లావిడ కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అంతా ఎడం చేత్తోనే తీస్తోంది. కుడి చేతికి బొటనవేలొకటే ఉంది. మిగతా నాలుగు వేళ్లూ మొదలంటా లేవు. ఆ చేత్తో పళ్లెం కదలకుండా అదిమి పట్టుకుంది. మాస్టారిని చూడగానే మొహమంతా విప్పారింది.

"రండి బాబూ, రండి! ఈయేడు ఇంకా రానేదేటా అనుకుంతన్నాను. ఈ పాపెవలండి, మీ అమ్మాయా?"

"నా దగ్గర చదువుకుంటోంది పోలమ్మా."

"సదువా! అందుకే ఇంత బక్కగుంది. సదువు తినీసినట్టుంది పిల్లని." ఆవిడ పకపకా నవ్వి, ఎదురింటి వైపు తిరిగి కేకేసింది. "ఓలె నరసమ్మా! మాస్టారొచ్చినారు, నీ కుర్సీ ఒకపాలి ఇలగియ్యే!"

ఎదురింటి నరసమ్మ కుర్చీ తెచ్చి దింపింది. "కాల్లు లెక్కెట్టుకోవే, నాలుగుండాల. మల్లీ మూడే ఇచ్చినావంతావు. నీ లెక్క నమ్మీదెవలు!" అంది. వీధిలో అటూ ఇటూ నవ్వులు. పోలమ్మ కూడా నవ్వింది, కాకపోతే అందరి తరవాత నవ్వింది. ఆ వీధిలో పోలమ్మలు ఇద్దరున్నారని, ఈవిడని లెక్క తప్పిన పోలమ్మ అంటేనే తెలుస్తుందని కుసుమకు కాసేపట్లోనే అర్థమైంది.

కోడలు టీ గ్లాసులు తెచ్చి పెట్టి, బిందె తీసుకుని కుళాయి దగ్గరికి బయల్దేరింది. చంకలో తొమ్మిది నెలల పిల్ల నిద్రపోతోంది. ఒక చంకన పిల్ల, ఒక చంకన బిందె. కుసుమ ఉండబట్టలేక, "పిల్లని ఇక్కడ పడుకోబెట్టి వెళ్లొచ్చు కదండీ, అత్తగారున్నారుగా," అంది. కోడలు ఆగకుండా నడిచింది. పోలమ్మే చెప్పింది. "వద్దమ్మా, నా కాడొద్దు. పసిబిడ్డని ఒగ్గీసి ఎల్లదగ్గ మనిసిని కాదు నాను. నానే వద్దంతాను." ఆ మాటను ఎండ కాస్తోందన్నంత తేలిగ్గా అంది.

మాస్టారు గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకున్నారు. "పోలమ్మా, ఈ పిల్లకి నీ చెయ్యి సంగతి చెప్పు."

"ఏటుంది బాబూ సెప్పడానికి," అంటూనే ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని సర్దుక్కూర్చుంది. చెప్పడం ఆవిడకిష్టమేనని తెలుస్తోంది. "నోటుబుక్కుల షెడ్డులో సేసీదాన్నమ్మా. నాకు అచ్చరమ్ముక్క రాదు గానీ, దస్తా ఎత్తితే ఇరవై నాలుగు కాయితాలే. కళ్లు మూసుకుని తీసినా ఇరవై నాలుగే. ఇరవై మూడొస్తే నా పేరు మార్సీమనీదాన్ని. అందుకే నన్ను కోత మిసను మీద ఎట్టినారు. కట్ట పెట్టి, కింద పెడలు తొక్కితే, ఎర్ర దీపం ఎలుగుతాది. ఎలిగినాక మూడు లెక్కెట్టీ వరకూ కత్తి ఆగుతాది. మేమందరం ఒడ్లు కొలిసినట్టే లెక్కెట్టీవోలం. ఒకటి అనకూడదు కదా, లాభం అనాల. లాభం అంటే కట్ట అంచు సేత్తో సర్దీడం. రెండంటే సెయ్యి లాగీడం. మూడంటే కత్తి దిగీడం. తొమ్మిదేళ్లు, రోజుకి ఎన్ని వందల పాళ్లో. నిద్దట్లో కూడా లాభం, రెండు, మూడు అనీదాన్నని మా ఇంటాయన దెబ్బలాడీవోడు."

ఆవిడ చింతగింజ ఒకటి తీసి పక్కన పెట్టింది. "ఆ రోజు పొద్దుటే, మొదటి కట్ట. తొక్కినాను. లాభం అన్నాను." అక్కడితో ఆగి, కుడిచేతి వంక చూసుకుంది. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసింది. "తప్పు నాదే తల్లీ. అప్పుడు పెద్దోడి పెళ్లి మాటలు అవుతున్నాయి, మనసు అటుండిపోయింది. రెండూ, మూడూ కూడా అనీసుంటాను నాకు తెలీకుండానే. నేకపోతే కత్తెందుకు దిగుతాది? సాయంత్రం ఇనస్పెట్రు షెడ్డుకొచ్చి మూడుసార్లు తొక్కించినాడంట. మూడుసార్లూ ఆగిందంట. మర్నాడు ఆసుపత్రి మంచం కాడికొచ్చి, మిసను బాగానే ఉందమ్మా, నువ్వే తొందరపడినావా అని అడిగినాడు. మరేటనాల? ఔను బాబూ అన్నాను. ఆ మాటే రాసుకున్నాడు. ఏలు ముద్ర ఏసినాను, ఎడం సేతిది. నా తప్పని నానే ఒప్పుకున్నాక ఇంక షావుకారేటి సేస్తాడు, మొకం సాటేసినాడు."

కుసుమ టీ గ్లాసు పక్కన పెట్టింది. ముందురోజు చూసిన కాగితం కళ్ల ముందు ఆడుతోంది. లెక్క ఉండాల్సిన చోట లెక్క లేదు. "అమ్మా," అంది నెమ్మదిగా, "అంతకు ముందురోజు ఆ మిషనుకి ఎవరైనా ఏమైనా చేశారా?"

"ముందురోజా? మన మాస్టారే కదమ్మా! అప్పుడు షెడ్డులో మిసన్లన్నీ ఈయనే సూసీవోరు. ఎన్ని కట్టలు కోసిందో అంకె కనబడాలని షావుకారు అడిగితే, ముందురోజు సాయంత్రం వచ్చి అంకెల డబ్బా బిగించినారు." పోలమ్మ మాస్టారి వైపు చూసిన చూపులో ఎంత గౌరవముందో! "షెడ్డు మొత్తం మీద ఆసుపత్రికొచ్చినోరు ఈయనొక్కరే. ఈ సేత్తో నాకు పనెవలిస్తారు? బడిలో ఆయా పని ఈయనే ఇప్పించినారు. పదకొండేళ్లై ఏ ఏడూ మానకుండా వస్తారు. నాకు దేముడితో సమానం."

కుసుమ మాస్టారి వంక చూసింది. ఆయన టీ మీద కట్టిన మీగడ వంక చూస్తున్నారు. నెల్లాళ్ల పాటు ఏమీ లేని కాగితాన్ని వేలు పెట్టి ఎందుకు చదివించారో, ఎందుకని ఎవరికీ చెప్పలేదో ఆ పిల్లకు అర్థమైంది. అర్థమయ్యాక ఆ అరుగు మీద కూర్చోలేకపోయింది. లేచి నిలబడింది.

"మీరు చెబుతారా మాస్టారూ, నన్ను చెప్పమంటారా?"

పోలమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మాస్టారు గ్లాసు కింద పెట్టారు. పాఠం చెప్పేటప్పటి గొంతు కాదది. "పోలమ్మా, నువ్వు లెక్క తప్పలేదు. దీపం వెలిగాక ఆ మూడు లెక్కలూ మిషనుకి రాసిపెట్టింది నేనే. అంకెల డబ్బా పెట్టేసరికి దాని బుర్రలో చోటు చాలలేదు. ఉన్నదాన్ని కుదించి చురుగ్గా మార్చమని కంప్యూటరుకి చెప్పాను. ఊరికే ఆగడం దండగని అది ఆ లెక్క తీసేసింది. అది ఏం తీసిందో, ఏం ఉంచిందో నేను చదువుకోలేదు. కట్ట పెట్టి కోసి చూశాను. అయితే అంకె మారుతోందా లేదా అనే చూశాను గానీ కత్తి వంక చూడలేదు. మర్నాడు నువ్వు లాభం అనేసరికే దిగిపోయింది."

పోలమ్మ ఎవరి కథో వింటున్నట్టు విన్నది. తరవాత అడిగిన మాట కుసుమకు కూడా తట్టనిది. "మరి ఇనస్పెట్రు తొక్కినప్పుడు ఆగింది కదా బాబూ?"

వీధిలో ఎవరో బకెట్టు ఈడ్చుకెళ్తున్న చప్పుడు మొత్తం వినబడి, ఆగిపోయింది.

"నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాక నేను షెడ్డుకి వెళ్లాను. పుల్ల పెట్టి తొక్కి చూస్తే తెలిసిపోయింది. డబ్బా ఊడదీసి, ఆ మూడు లెక్కలూ ఉన్న పాత చిప్పే మళ్లీ పెట్టేశాను. ఆయన వచ్చింది ఆ తరవాత."

కుసుమ అప్పటిదాకా అంతా తెలిసిపోయిందనుకుంది. చదవకుండా వదిలెయ్యడమే మాస్టారి తప్పు అనుకుంది. ఆ తప్పుకి కోపం రావాలో, జాలి పడాలో తేల్చుకునే లోపలే దాని కింద ఇంకొకటి కనబడింది. కత్తి ఆగకపోవడం ఒక రోజు పొరపాటు. మళ్లీ ఆగేట్టు చెయ్యడం మాత్రం పొరపాటు కాదు. ఆ మిషను మూడుసార్లు ఆగి, మూడుసార్లూ ఈవిడ మీద సాక్ష్యం చెప్పింది.

పోలమ్మకు కోపం రాలేదు. ముందుగా వచ్చింది ఆశ్చర్యం. ఎడం చెయ్యి గుండెల మీద వేసుకుని, "అయితే నాను లెక్క తప్పనేదు," అంది మెల్లగా. మళ్లీ ఒకసారి అంది. మూడోసారి లేచి నిలబడి, వీధికంతా వినబడేట్టు అరిచింది. "ఓలె నరసమ్మా! ఇన్నావా? నాను లెక్క తప్పనేదంట! మిసనే ఆగనేదంట! లాభం అనీసరికే దిగిపోయిందంట!"

నరసమ్మ తలుపు చాటు నుంచి తొంగి చూసింది. "ఇప్పుడేటే కొత్తగా? పదకొండేళ్లై లేనిది!"

"నాను కాదే, మాస్టారే సెప్తన్నారు! సెప్పండి బాబూ, ఆలకి మీరే సెప్పండి!"

మాస్టారు వీధిలోకి వచ్చి నిలబడ్డారు. నలుగురైదుగురు ఆడవాళ్లు అప్పటికే గుమ్మాల్లోకి వచ్చారు. "నిజమేనమ్మా," అన్నారు. "తప్పు నాది. పోలమ్మది కాదు."

నరసమ్మ రెండు చేతులూ జోడించింది. "మీలాటి పెద్దమనసు ఎవలికుంటాది బాబూ! ముసిల్దాని మనసు సల్లబడాలని తప్పు మీ నెత్తినేసుకుంతన్నారు. మాకు తెల్దేటి మీ సంగతి? ఏడేడూ పళ్లట్టుకొచ్చీదెవలు, పనిప్పించిందెవలు!" పక్కావిడ ఔనౌనని తలూపింది. నరసమ్మ పోలమ్మ వైపు తిరిగి, ముద్దుగా మందలిస్తున్నట్టు అంది. "ఏలు ముద్ర ఏసింది నువ్వు కాదేటే? నీ నోటితో నువ్వే ఒప్పుకుని, ఇప్పుడు ఆ మారాజు మీదెట్టీసినావా?"

మాస్టారు మళ్లీ ఏదో చెప్పబోయారు. ఆయన చెప్పిన కొద్దీ వాళ్లు చేతులు జోడిస్తున్నారు. పదకొండేళ్లు ఒక్కొక్క పండూ తెచ్చి, ఒక్కొక్క మాటసాయం చేసి ఆయన ఏం కట్టుకున్నారో, అది ఇప్పుడు ఆయన మాటను పైకి రానివ్వడం లేదు. కుసుమ ముందుకొచ్చి, "ఆయన నిజమే చెబుతున్నారండీ, నేను నిన్న చూశాను," అంది. నరసమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని, "సిస్సురాలివి కదమ్మా, అలాగే అంతావు," అని నవ్వింది.

ఇంతలో కోడలు నీళ్ల బిందెతో వచ్చింది. చంకలో పిల్ల లేచి కళ్లు నులుముకుంటోంది. పోలమ్మ గబగబా ఎదురెళ్లి ఎడం చెయ్యి చాచింది. ఆ చేతి కింద కుడి చెయ్యి కూడా ఆసరాగా పెట్టింది. "ఇలాగియ్యే, బుజ్జిదాన్ని. ఒక్కపాలి ఇలాగియ్యి. నాను లెక్క తప్పనేదంట, మాస్టారు సెప్పినారు."

కోడలు నరసమ్మ మొహం చూసింది. నరసమ్మ కళ్లతోనే ఏదో చెప్పింది. "పాలకేడుస్తాది అత్తా, తరవాతిస్తానులే," అని కోడలు పక్కకి తప్పుకుని లోపలికెళ్లిపోయింది. గట్టిగా అనలేదు, విసుక్కోనూ లేదు. ఎప్పుడూ అనేట్టే అంది. పోలమ్మ చేతులు అలాగే కొంచెంసేపు గాలిలో ఉన్నాయి.

వీధిలో అందరూ మళ్లీ ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు. పోలమ్మ అరుగు మీదికొచ్చి కూర్చుంది. పళ్లెం దగ్గరికి లాక్కుంది గానీ గింజలు తియ్యలేదు.

"ఆసుపత్రి కాడ మీరొచ్చి నా మంచం పక్కన కూకున్నారు బాబూ. నాను ఏడస్తంటే, ఏడవకు పోలమ్మా అన్నారు. నా తప్పేనా బాబూ అని అడిగినాను మిమ్మల్ని. గుర్తుందా?"

"గుర్తుంది."

"మీరేటీ అననేదు. తల నిమిరినారు." ఆవిడ గొంతులో అప్పటికీ కోపం లేదు. ఉంటే బాగుండునని కుసుమకు అనిపించింది. "ఏడుకొకపాలి వస్తంటే, దిక్కులేనిదానినని జాలి పడి వస్తన్నారనుకున్నాను. మా కోడలికి కూడా గొప్పగా సెప్పుకునీదాన్ని. నా మాటెవలు నమ్మకపోయినా, మీరు సెప్తే నమ్మాల కదా. మీరు సెప్పినా నమ్మనేదు సూడండి. అప్పుడే సెప్పుంటే నమ్ముదురు." గ్లాసు వైపు చూపించింది. "టీ సల్లారిపోయింది. తాగీండి. తాగీసి ఎల్లండి. ఇంక రాకండి బాబూ."

మాస్టారు ఆ చల్లారిన టీ మొత్తం తాగారు. నమస్కారం పెట్టారు. పోలమ్మ ప్రతి నమస్కారం పెట్టలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వీధి వంక చూస్తూ ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో కుసుమ ఆయన పక్కన కూర్చోలేదు. బస్సులో ముందు సీటు ఖాళీగా ఉంటే అక్కడికెళ్లి కూర్చుంది.

సోమవారం పొద్దున్నే మాస్టారు ఫ్యాక్టరీల ఆఫీసుకు వెళ్లారు. జరిగినదంతా రెండు కాగితాల మీద రాసి, సంతకం చేసి తీసుకెళ్లారు. అక్కడి గుమస్తా ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లవాడి తండ్రి. మాస్టారిని కూర్చోబెట్టి, రెండు కాగితాలూ చదివి, కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఎందుకండీ ఇప్పుడు మీకిది? పదకొండేళ్ల కిందట మూసేసిన ఫైలు. రాసుకున్న ఇన్‌స్పెక్టరుగారు పోయారు. ఆ షెడ్డు లేదు, ఆ మిషను తుక్కులో పోయింది. ఆవిడ తనే ఒప్పుకుని ముద్ర వేసింది. మీ మాట తప్ప వేరే రుజువేముంది?" తీసుకోమని మాస్టారు పట్టుబట్టారు. పెద్దాయన మాట కాదనలేక గుమస్తా తీసుకున్నాడు. తీసుకుని, బల్ల మీద ఎత్తుగా పేర్చి ఉన్న ఫైళ్ల అడుగున పెట్టాడు.

ఆయన తిరిగి మేడ మెట్లెక్కేసరికి కుసుమ గదిలో ఉంది. కుర్చీలో కూర్చోలేదు, సంచి భుజానికే ఉంది. మిగతా పిల్లలు వేలు పెట్టి చదువుకుంటున్నారు. ఒకడు సున్నా పట్టుకోమన్న పంక్తి దగ్గర తడబడి, మళ్లీ మొదటికొచ్చాడు.

"నేను చదువుకోడానికి రాలేదు మాస్టారూ," అంది కుసుమ. "శనివారం ఒకటి అడిగాను. దానికి జవాబు మీ నోటి వెంట వినడానికొచ్చాను. తప్పెవరిది? రాసినవాడిదా, తీసేసినదానిదా?"

మాస్టారు కిటికీ దగ్గర నిలబడ్డారు. కింద సైకిలు షాపులో ఎవరో చక్రం తిప్పి వదిలారు. అది తిరిగి తిరిగి ఆగేదాకా ఆయన చూస్తూ ఉన్నారు.

"ఆ కంపైలరుకి పోలమ్మ ఎవరో తెలీదమ్మా," అన్నారు. "నాకు తెలుసు."